దెబ్బకు ఎదురుపోయినోడు

గోదావరిఖని,
జూన్ మొదట్లో.

కుతుబ్ అన్నకు,
రఘుపతి సలాం.

నువ్వు రిటైరై బోధన్‌లో బిడ్డ రుఖయ్యా ఇంటికి చేరినప్పటి నుంచి నాకు ఇక్కడ వాదించడానికి మనిషి లేడు. ఫోన్ చేస్తే నీ చెవులకు అందదు. నేను మాట్లాడింది రుఖయ్యా కాగితం మీద రాసి నీకు చూపించేసరికి, నేను ఇంకో నాలుగు సంగతులు దాటిపోతాను. పాపం ఆ పిల్ల మాత్రం ఎంతని రాస్తుంది! అందుకే ఉత్తరాలే నయం. పోస్టాఫీసులో కవరు అడిగితే నన్ను పాత సామాను చూసినట్టు చూస్తున్నారు.

నేను కొత్త ఎయిర్ గన్ కొన్నాను. లైసెన్సు అక్కరలేనిదే, భయపడకు. పైన దుర్భిణి కూడా ఉంది. డంపర్ డ్యూటీ దిగి రాగానే క్వార్టర్ వెనక గోడ మీద సీసా మూతలు పెట్టి కొడుతున్నాను. తర్వాత కూర్చొని దాన్ని గుడ్డతో తుడుస్తుంటే జమున సణుగుతూనే ఉంది. "కట్టుకున్నదాన్ని ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న గంత మెత్తగ తుడిసినవా?" అని నిన్న అడిగింది. ఏం చెప్పను?

నా ఫోన్ వీడియోలు ఇప్పుడు మన బొగ్గు బెల్టు అంతా చూస్తున్నారు. 'రఘన్న గురి' అని పేరు పెట్టాను. తుపాకుల గురించి మొదలుపెట్టాను గానీ జనం అన్నీ అడుగుతున్నారు. బాక్సింగ్ గురించి అడిగితే చెప్పాను, ఈ కాలపు బాక్సర్లకు భుజాలు ఉన్నాయి, కాళ్ళు లేవు అని. ఆ ఇనుప జాలీలో కొట్టుకునే ఆట గురించి అడిగితే, అది ఆట కాదు, షేర్ ఆటోలో సీటు కోసం కొట్లాట అన్నాను. బాగా నవ్వారు. ఇక యుద్ధం సంగతి సరే సరి. గల్ఫులో వాళ్ళు పదేపదే బాంబులు వేసుకోవడం చూస్తే నాకు చిరాకు వస్తుంది. కొడితే ఒక్కటే కొట్టాలి, లేవకుండా కొట్టాలి. ఆ మాట చెప్పి, రేవు పక్కన కూలోళ్ళ క్యాంపు మీద పడిన దెబ్బ వీడియో ఒకటి దొరికితే దాన్ని మెల్లగా తిప్పి, గురి ఎట్లా కుదిరిందో వివరించాను. ఇప్పటిదాకా నేను పెట్టిన వాటిలో అదే అన్నిటికంటే ఎక్కువమంది చూసింది. రుఖయ్యా ఫోన్‌కు పంపాను, చూడు.

మీ కొడుకు తాబిష్ అటే కదా ఎక్కడో ఉన్నాడు? ఆ దేశమా, పక్క దేశమా? వానికి ఏమన్నా వీడియోలు దొరికితే పంపమను. భాభీకి సలాం.

నీ తమ్ముడు
రఘుపతి


బోధన్,
జూన్.

తమ్ముడు రఘుపతికి,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ వానలు ఇంకా రాలేదు. మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. మీ భాభీ నుస్రత్‌కు ఒంట్లో బాగా లేదు, అన్నం సరిగ్గా తినడం లేదు. కొన్నాళ్ళు రుఖయ్యా ఫోన్‌కు వీడియోలు పంపకు.

తాబిష్ అక్కడే ఉన్నాడు.

నువ్వు పంపిన క్యాంపు వీడియో చూశాను. అందులో ఒక మనిషి ఉన్నాడు. బనీను, లుంగీ. అందరూ గేటు వైపు పోతుంటే వాడు తిరిగి తలుపులోకి పోతాడు. నువ్వు అక్కడ ఆపేసి మాట్లాడావు. అసలు వీడియో అంతవరకేనా? తర్వాత ఇంకా ఉందా? లోపలికి పోయిన మనిషి మళ్ళీ బయటికి వచ్చినట్టు ఏమైనా కనిపిస్తుందా? నీకు అది ఎవరు పంపారు? వాళ్ళ దగ్గర మొత్తం ఉంటుందా?

తొందరగా రాయి.

కుతుబుద్దీన్


గోదావరిఖని,
జూన్ నెలాఖరు.

కుతుబ్ అన్నా,

నీ ఉత్తరం చదివి ఎంత సంతోషపడ్డానో! వీడియోలంటే మొహం తిప్పుకునే మనిషివి, చివరికి నువ్వు కూడా నా అభిమానివి అయ్యావు. జమునకు చదివి వినిపించాను.

వీడియో ఇంకా కొంత ఉండేది. అయితే ఆ తర్వాత ఏమీ లేదు, అంతా పొగే. అందుకే అసలైన చోట కోసేశాను. ఫోన్ నిండిపోయిందని మొత్తాన్ని తీసేశాను కూడా. ఎవరు పంపారో ఏం గుర్తుంటుంది, గ్రూపులలో గ్రూపులు తిరిగి వచ్చింది. ఆ లుంగీవాడు బయటికి వచ్చాడో లేదో మనకెందుకన్నా? బాక్సర్ కింద పడ్డాక లెక్కపెట్టేది రిఫరీ, మనం కాదు. వాడి మీద నేను అన్న మాట మాత్రం ఇక్కడ పోరగాళ్ళ నోట్లో పాటలాగా తిరుగుతోంది. క్యాంటీన్‌లో టీ తీసుకుంటుంటే కూడా అంటున్నారు.

భాభీకి గ్యాస్ అయి ఉంటుంది. వాము నీళ్ళు తాగమను. దవాఖానకు పోతే ఊరికే టెస్టులు రాస్తారు.

కొత్త వీడియోలో బంకర్ల గురించి చెబుతున్నాను.

రఘుపతి


బోధన్,
జూలై.

రఘుపతికి,

వాము నీళ్ళు తాగమన్నావు. నుస్రత్‌కు చెప్పలేదు.

ఆ బనీను మనిషి తాబిష్. పరుగు చూసి వాళ్ళ అమ్మ గుర్తుపట్టింది. చిన్నప్పుడు కాలు విరిగి అతుక్కుంది కదా, ఉరికేటప్పుడు ఎడమ కాలు కొంచెం ఆలస్యంగా లేస్తుంది. ఆ కాలికి సాధన చేయించడానికే వాణ్ణి గోదావరిఖనిలో బాక్సింగ్ క్లబ్బుకు తీసుకుపోయింది నువ్వే. ఆ కాలును వాళ్ళ అమ్మ గుర్తుపట్టింది. నువ్వు గుర్తుపట్టలేదు.

నీ మొదటి ఉత్తరం వచ్చేసరికి వాడి ఫోన్ మూగబోయి ఉంది. ఏజెంటు ఎత్తడం లేదు. ఆ క్యాంపులో జగిత్యాల వైపు పిల్లలు చాలామంది ఉన్నారు, వాళ్ళ ఇళ్ళ నుంచి కూడా మాకే ఫోన్లు. మా దగ్గర ఉన్న ఆధారం నీ వీడియో ఒక్కటే. నుస్రత్ దాన్ని మళ్ళీ మళ్ళీ పెట్టించుకునేది. వాడు తలుపులోకి పోతాడు, నువ్వు తెర మీదికి వస్తావు. మళ్ళీ వాడు, మళ్ళీ నువ్వు. తర్వాతి భాగం నీ దగ్గర ఉంటుందని ఆశపడి నీకు రాశాను. కొడుకని రాయలేదు. రాస్తే నిజమైపోతుందని భయమేసింది.

వాడు బతికే ఉన్నాడు. వేరే ఊరి దవాఖానలో దొరికాడు. చేతులు రెండూ మోచేతుల దాకా కాలాయి. జగిత్యాల దగ్గరి పిల్లవాడు జైపాల్, తాబిష్‌తో ఒకే గదిలో ఉండేవాడు. ఆ జైపాల్‌ను మనవాడు లోపలి నుంచి మోసుకొచ్చాడట. జైపాల్‌కు ఒక కాలు తీసేశారు. ప్రాణం మాత్రం నిలిచింది.

ఇంకో మాట. నాకు వినపడదు కాబట్టి నువ్వు వీడియోలో ఏమన్నావో నాకు తెలియదని అనుకుంటున్నావేమో. భూగర్భ గనిలో యంత్రాల మోతలో మనిద్దరం ఎన్నేళ్ళు పెదవులు చూసి మాట్లాడుకున్నాం? నీ పెదవులు నాకు అచ్చు అక్షరాలు. "అందరు బయటికి ఉరుకుతుంటే వీడు లోపలికి ఉరుకుతుండు. దెబ్బకు ఎదురుపోవుడంటే గిదే. గిసొంటోడు రింగుల ఒక్క రౌండు నిలువడు." ప్రతి అక్షరం చదివాను.

మా వియ్యంకుడు ఆ వీడియో చూసి, "ఎవడు ఈ మాట్లాడే మనిషి, నీకు ఎరుకేనా?" అని అడిగాడు. ఎరుక లేదన్నాను. నీ ఇంట్లో తిన్న ఉప్పు ఎంతుందో నాకు తెలుసు, అయినా అనేశాను. అందుకు నాకు సిగ్గుగానే ఉంది. కానీ ఆ సిగ్గు కూడా నీ వల్ల వచ్చిందే.

కుతుబుద్దీన్


గోదావరిఖని,
జూలై.

అన్నా,

ఈ ఉత్తరం ఎట్లా మొదలుపెట్టాలో తెలియక చాలా కాగితాలు చించాను.

నీ ఉత్తరం నేను డంపర్ ఎక్కేముందు చదివాను. ఎక్కలేకపోయాను. ఒంట్లో బాగా లేదని చెప్పి ఇంటికి వచ్చి వీడియో తీసేశాను. నేను తీసేస్తే పోతుందనుకున్నాను. అప్పటికే ఎవరెవరో దాన్ని తమ ఫోన్లలో పెట్టుకున్నారు. ఒకడు నా మాటల వెనక డప్పు కూడా కలిపాడు. దాన్ని తీసేయమని అడగడానికి వాడెవడో నాకు తెలియదు.

మర్నాడు క్యాంటీన్‌లో సదానందం వెనక నుంచి వచ్చి నా భుజం చరిచాడు. "దెబ్బకు ఎదురుపోవుడంటే గిదే!" అన్నాడు, నా గొంతు అనుకరిస్తూ. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ మనిషి మా కుతుబ్ అన్న కొడుకని చెప్పాను. నవ్వు ఆగింది. సదానందం నన్ను చూసి, "మరి గప్పుడు నువ్వే కదన్నా నవ్వినవు?" అన్నాడు. వాడు తప్పు పట్టడానికి అనలేదు. అర్థం కాక అడిగాడు. గ్లాసు అక్కడే పెట్టేసి వచ్చాను.

జమునకు చెప్పాను. ఆమె వంట చేసి, పెట్టి, పక్కింట్లోకి పోయి కూర్చుంది. చీకటి పడ్డాక వచ్చి ఒక్క మాట అంది. "తాబిష్ గాక వేరే తల్లి కొడుకైతే నీకు గింత బాధ అయ్యేదా?" అన్నా, ఆ మాట నన్ను ఇంకా తింటోంది. అయ్యేది కాదు. ఇంకో వీడియో పెట్టుకుంటూ ఉండేవాణ్ణి.

ఏ క్షిపణి ఎంత దూరం పోతుందో అడిగితే నేను నిద్రలో కూడా చెబుతాను. తాబిష్ ఏ ఊళ్ళో పనిచేస్తున్నాడో మాత్రం నాకు తెలియదు. నేను జీవితంలో సీసా మూతల మీద తప్ప దేని మీదా పేల్చలేదు. అట్లాంటివాణ్ణి, దెబ్బ తిన్నవాళ్ళ మీద గురి గురించి మాట్లాడాను.

తుపాకీని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను. విరగ్గొడదామనిపించింది గానీ, అదేం చేసింది? చేసింది నా నోరు.

నాకు ఒకటే తోస్తోంది. నేను మళ్ళీ ఒక వీడియో తీస్తాను. అందులో అందరి ముందూ చెంపలు వేసుకుంటాను. తాబిష్ ఎవరో, లోపలికి ఎందుకు పోయాడో చెబుతాను. దోస్తు కోసం పోయిన వీరుడని చెబుతాను. నా మాటకు నవ్వినవాళ్ళందరూ అది కూడా చూడాలి. నువ్వు ఊ అంటే రేపే తీస్తాను. వచ్చి భాభీ కాళ్ళ మీద పడమన్నా పడతాను.

రఘుపతి


బోధన్,
జూలై.

రఘుపతికి,

వీడియో వద్దు. నా కొడుకును నువ్వు ఒకసారి జనానికి చూపించావు, చాలు. తప్పు చేసినప్పుడూ జనం చూడాలి, తప్పు ఒప్పుకున్నప్పుడూ జనం చూడాలి. ఎట్లా తమ్ముడూ?

తాబిష్ ఇంటికి వచ్చాడు. చేతులకు కట్లు. అన్నం వాళ్ళ అమ్మ తినిపిస్తోంది. చూడటానికి వచ్చినవాళ్ళందరూ పొగుడుతున్నారు, మసీదులో కూడా వాడి పేరు చెప్పారు. వాడు మాత్రం గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు. ఎవరి మొహమూ చూడడు. నీ వీడియో సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు.

రాదలుచుకుంటే రా. ఫోన్ ఇంట్లో పెట్టి రా. నుస్రత్ ఏమంటుందో నాకు తెలియదు, నేను అడ్డం రాను.

కుతుబుద్దీన్


గోదావరిఖని,
ఆగస్టు.

కుతుబ్ అన్నా,

మీ ఇంటి నుంచి నిన్ననే వచ్చాను. అక్కడ జరిగిందాంట్లో నీకు సగమే తెలుసు. భాభీ నీకు వీపు చేసి నిలబడింది, తాబిష్ తల వంచుకొని మాట్లాడాడు. వాళ్ళిద్దరి పెదవులూ నీకు కనబడలేదు. నువ్వు నా వైపు, వాడి వైపు చూస్తూనే ఉన్నావు. నన్ను బస్సు దగ్గర దింపేటప్పుడు, ఏమైందని చేత్తో అడిగావు. నాకు నోరు రాలేదు. నేను బయలుదేరే ముందు తాబిష్ నాతో, "అబ్బాకు నువ్వే రాయి కాకా, నాతోని కాదు" అన్నాడు. అందుకే రాస్తున్నాను. ఈసారి ఒక్క మాట కలపను, ఒక్క మాట కొయ్యను.

భాభీ నాకు మంచినీళ్ళు ఇచ్చింది. కూర్చోమనలేదు. నేను చేతులు జోడించబోతే ఆపింది.

"రఘు భయ్యా, చేతులు తర్వాత. గా రోజు ఫోన్ల ఏమన్నవో, గదే మాట నా కొడుకు ముంగట నిలబడి అను. ఊరందరికి వినిపించినవు కదా, వీనికి కూడ వినిపియ్యి."

"ఏంది అమ్మీ? ఏమన్నడు?" అని తాబిష్ ఇటు తిరిగాడు.

మీ ఇంట్లోంచి పారిపోవాలనిపించింది. తలుపు నా వెనకే ఉంది. కానీ భాభీ నన్ను చూస్తోంది. చెప్పాను. వీడియో దొరికిందని, అందులో వాడు ఉన్నాడని నాకు తెలియదని, తెలిసినా తెలియకపోయినా నవ్వుకుంటూ అన్నానని చెప్పాను. అన్న మాట అన్నట్టే అప్పజెప్పాను. రింగులో ఒక్క రౌండు నిలవడన్న మాట దగ్గర ఆగిపోయాను. భాభీ, "మొత్తం అను" అంది. అన్నాను.

వాడు తన కట్ల వంక చూసుకుంటూ ఉన్నాడు. కోప్పడతాడనుకున్నాను. కొట్టినా బాగుండును. ఆ చేతులతో ఎట్లా కొడతాడు?

"కాకా, నువ్వన్నదాంట్ల అబద్ధం లేదు" అన్నాడు. "నేను జైపాల్ కోసం వాపస్ పోలే. రెండోది పడ్డప్పుడు కండ్లల్ల దుమ్ము కొట్టింది. గేటు ఎటుందో కానరాలే. బయటికే ఉరుకుతున్న అనుకున్న. లోపటికి వచ్చిన్నని గోడ తాకినంకనే తెలిసింది. గప్పుడు మనిషి కాళ్ళల్ల పడ్డడు. వాని మీద బోర్ల పడ్డ. జైపాల్ అని గూడ ఎరుక లేదు."

మళ్ళీ అన్నాడు. "అందరు దోస్తు కోసం మంటల దుంకిండు అంటున్రు. జైపాల్ వాళ్ళవ్వ సారవ్వ ఫోన్ల ఏడ్చుకుంట, నీ కాళ్ళు మొక్కుత కొడుకా అంటున్నది. నేనేమో పాణం దక్కించుకునేటందుకు ఉరికినోన్ని. నాకు సిగ్గయితున్నది కాకా. ఎవరి మొఖం చూడాల్నన్నా సిగ్గయితున్నది."

భాభీ తలుపు చెక్క పట్టుకొని అట్లాగే కింద కూర్చుండిపోయింది. నువ్వు లేచి ఆమె దగ్గరికి పోయింది అప్పుడే.

అన్నా, ప్రపంచంలో దేని గురించైనా నా దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది. అప్పుడు మాత్రం ఏమీ దొరకలేదు. నేను సిగ్గుపడుతూ వచ్చాను, వాడు నాకంటే ముందే సిగ్గుతో పడి ఉన్నాడు. నా సిగ్గుకు కారణం ఉంది, వాడి దానికి లేదు. అదైనా వాడికి చెప్పి ఉండాల్సింది. చెప్పడం చేతకాలేదు. వాడి కాళ్ళ దగ్గర కూర్చొని, ఆ ఎడమ కాలు మీద చెయ్యి వేసి ఊరుకున్నాను.

వాడితో ఏం మాట్లాడాలో నీకు తెలుస్తుంది. భాభీ ఎట్లా ఉంది?

రఘుపతి


బోధన్,
ఆగస్టు.

తమ్ముడు రఘుపతికి,

నీ ఉత్తరం తాబిష్ పక్కన కూర్చొనే చదివాను. నేను చదువుతున్నంతసేపూ వాడు నా మొహం చూస్తూ ఉన్నాడు. చదవడం అయ్యాక వాడి మెడ మీద చెయ్యి వేసి, "ఎటన్న ఉరుకు బేటా, నాకు నువ్వు వాపస్ వచ్చినవు" అన్నాను. నాకు వినపడదు కదా, మెల్లగా అన్నాననుకున్నాను. పక్కింటివాళ్ళు తొంగి చూశారని రుఖయ్యా తర్వాత చెప్పింది.

ఆ సాయంత్రం వాడే జైపాల్‌కు ఫోన్ కలపమన్నాడు. రుఖయ్యా ఫోన్ చెవి దగ్గర పట్టుకొని, అటు నుంచి వచ్చిన మాటలు నాకు కాగితం మీద రాసి చూపించింది. వీడు అంతా చెప్పేశాడు. చెప్పి, మాఫ్ చెయ్యమన్నాడు. జైపాల్ దానికి, "నువ్వు ఎటు ఉరికినవో నాకేం ఎరుకరా. నేను కండ్లు తెరిసేసరికి నీ భుజం మీద ఉన్న. వేరేటోడైతే నన్ను తొక్కుకుంట పోతుండె" అన్నాడట. ఇంకా, "మా అవ్వకు మాత్రం చెప్పకు. నీ బరువెత్తు బెల్లం సమ్మక్క తల్లికి ఇస్తనని మొక్కింది. మొక్కు తీరేదాక తక్కువ తిని బక్కగ ఉండు, బెల్లం పిరమున్నది" అన్నాడట. అది చదివి నేను తల ఎత్తేసరికి తాబిష్ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకొని భయపడ్డాను. నవ్వుతున్నాడు. ఇంటికి వచ్చాక మొదటిసారి.

రాత్రి భోజనానికి గోడ వైపు కాకుండా మా వైపు తిరిగి కూర్చున్నాడు.

మా వియ్యంకుణ్ణి పిలిచి, ఆ వీడియో మనిషి నాకు ఎరుకేనని, నా తమ్ముడిలాంటివాడని చెప్పాను. ఆయన ఏమనుకున్నాడో ఆయన ఇష్టం. నాకు కొంచెం తేలికైంది.

నుస్రత్ సంగతి అడిగావు. ఆమె నీ పేరు ఎత్తడం లేదు. నీ ఉత్తరం వచ్చిందని చూపించాను, చదవమనలేదు. నిన్న బట్టలు మడత పెడుతూ తనంతట తనే నా వైపు తిరిగి, నాకు అందేలా మెల్లగా అంది. "మాటకు జవాబు నా కొడుకు ఇచ్చిండు. గా నవ్వు మాత్రం నా చెవుల నుంచి పోతలేదు."

రఘుపతీ, ఆ నవ్వు నాకు వినపడలేదు. నేను చూసింది నీ పెదవులే. అందుకే నిన్ను ఇంత తొందరగా మాఫ్ చేయగలిగానేమో. ఆమె విన్నది. ఆమె తరఫున ఏమైనా చెప్పే హక్కు నాకు లేదు. నీ తరఫున ఆమెను అడగను కూడా.

ఆమె పిలిచేదాకా ఈ ఇంటికి రాకు. నాకు మాత్రం రాస్తూ ఉండు.

నీ అన్న
కుతుబుద్దీన్